ఫాలోకేట్ టెస్టు: గ్రీన్ చూసి మురిసిపోయే ముందు

ఫైలుకి డిస్కు జాగాను ముందే పట్టి ఉంచే లైనక్స్ కాల్ పేరు ఫాలోకేట్. దాన్ని వాడే కోడ్‌కి రాసిన టెస్టు తేడా చేస్తోందని ఎవరొచ్చినా నేను మొదట అడిగేది ఒకటే. ఆ టెస్టు ఫైలు ఏ ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను డిస్కులో అమర్చే పద్ధతి; ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ లాంటివి) మీద పడుతోంది? "స్లాష్ టెంప్‌లోనే కదండీ" అంటారు. అది జవాబు కాదు. ఫెడోరా లైనక్స్‌లో స్లాష్ టెంప్ (తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీ) అంటే టెంప్‌ఎఫ్‌ఎస్, అంటే ర్యామ్. ఇంకో మెషీన్‌లో అదే పేరుతో ఈఎక్స్‌టీ4 ఉండొచ్చు. టెస్టు నడిచే డైరెక్టరీలోనే ఉండి డీఎఫ్ కమాండుకి పెద్ద టీ ఆప్షన్ ఇచ్చి చూడండి, ఫైల్ సిస్టమ్ పేరు చెబుతుంది. ల్యాప్‌టాప్‌లో ఒకసారి, సీఐలో (టెస్టుల్ని తనంతట తానే నడిపే సర్వర్‌లో) ఒకసారి. అర నిమిషం పని. అది చేయకుండా కోడ్ తిరగేస్తూ కూర్చునేవాళ్లని చూసీ చూసీ విసుగొచ్చింది.

కోడ్ తీసేసినా టెస్టు పాసవుతోంది

ఫాలోకేట్ కాల్ తీసేసి, దాని చోట ఎఫ్‌ట్రంకేట్ (ఫైలు సైజు అంకె మాత్రమే మార్చే కాల్) పెట్టి నడపండి. అప్పుడూ గ్రీన్ వస్తే మీ టెస్టు చూస్తున్నది ఫైలు సైజు ఒక్కటే. ఎఫ్‌ట్రంకేట్ చేసిన ఫైలు కాగితం మీద వెయ్యి గజాల ప్లాటు లాంటిది. సైటు దగ్గరికి వెళ్తే గజం జాగా ఉండదు.

ఫైలు వివరాలు చెప్పే స్టాట్ కాల్ ఇచ్చే ఎస్‌టీ బ్లాక్స్ (ఫైలు నిజంగా పట్టిన బ్లాకుల లెక్క) విలువను 512తో గుణించి, అడిగిన బైట్లతో పోల్చండి. ఫైల్ సిస్టమ్ బ్లాకు 4096 బైట్లయినా లైనక్స్‌లో ఈ లెక్క 512తోనే. 4096తో గుణించారంటే లేని జాగా ఎనిమిది రెట్లు కనిపిస్తుంది. ఇంకోటి, సరిగ్గా సమానంగా ఉండాలని పట్టుబట్టకండి, తక్కువ కాకపోతే చాలు. మెటాడేటా బ్లాకులు, ఎక్స్‌ఎఫ్‌ఎస్ ముందుచూపుతో ఫైలు చివర అట్టిపెట్టుకునే జాగా కూడా ఇందులోకే వస్తాయి. ఫాలోకేట్‌కి కీప్ సైజ్ ఫ్లాగ్ (సైజు మార్చకుండా జాగా పట్టమనేది) వాడుతుంటే రెండూ చూడాలి: బ్లాకులు పెరగాలి, సైజు మారకూడదు.

డిస్కు నిండినా టెస్టుకి తెలియడం లేదు

పోసిక్స్ ఫాలోకేట్ (ఇదే పనికి పోసిక్స్ ప్రమాణంలో ఉన్న ఫంక్షన్) ఫెయిలైతే మైనస్ ఒకటి రాదు. ఎర్రర్ నంబరే నేరుగా వస్తుంది, ఎర్‌నోలో (ఎర్రర్ కారణం ఉంచే వేరియబుల్‌లో) పెట్టదు. లైనక్స్‌లో జాగా లేకపోతే వచ్చేది 28. అందుకే "సున్నా కంటే తక్కువైతే ఫెయిల్" అని రాసిన షరతు ఏనాటికీ నిజం కాదు. లైనక్స్ సొంత ఫాలోకేట్ మాత్రం మామూలుగానే మైనస్ ఒకటి ఇచ్చి, కారణం ఎర్‌నోలో పెడుతుంది. రెండూ కలిపి రాసేస్తే ఇలాగే అవుతుంది. పైథాన్‌లో ఎక్సెప్షన్ వస్తుంది కాబట్టి అక్కడ ఈ గొడవ లేదు.

షరతు సరిగ్గానే ఉన్నా ఎర్రర్ రావడం లేదంటే, సీఐ కంటెయినర్‌లో టెస్టు రూట్‌గా నడుస్తోందేమో చూడండి. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం బ్లాకులు రూట్ (అడ్మిన్ యూజర్) కోసం దాచి ఉంచుతుంది, మిగతావాళ్లకి నిండిన డిస్కులో కూడా రూట్‌కి జాగా దొరుకుతుంది.

ల్యాప్‌టాప్‌లో రెప్పపాటు, సీఐలో టైమవుట్

నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఒక ప్రాజెక్టులో 2 జీబీ ఫైలుకి జాగా పట్టే టెస్టు ఉండేది. నా మెషీన్‌లో ఇలా కొడితే అలా అయిపోయేది. సీఐలో ఒకరోజు పాస్, ఒకరోజు టైమవుట్. టైమవుట్ పెంచాం, మళ్లీ పెంచాం, రీట్రై పెట్టాం. డిస్కు స్లో అని ఇన్‌ఫ్రా వాళ్లతో గొడవ కూడా పడ్డాం. సైజు చూస్తే కరెక్ట్, బ్లాకులు చూస్తే కరెక్ట్. పైన చెప్పిన చెక్‌లన్నీ పాస్.

చివరికి ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ కెర్నెల్‌కి చేసే కాల్స్ చూపించే టూల్) పెట్టి ఫాలోకేట్, పీరైట్64 (ఫైల్లో చెప్పిన స్థానంలో రాసేది) కాల్స్ మాత్రమే చూశాను. మొదటి లైన్‌లో ఫాలోకేట్, దానికి జవాబు "ఆపరేషన్ నాట్ సపోర్టెడ్". ఆ కింద పీరైట్64, ఒకే ఒక్క సున్నా బైటు, 4095వ స్థానంలో. తర్వాతి లైన్ 8191. తర్వాత 12287. స్క్రీన్ ఆగకుండా పరిగెత్తింది.

సీఐ వర్క్‌స్పేస్ ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్) వెర్షన్ 3 మీద ఉంది. దానికి ఫాలోకేట్ తెలియదు (4.2లో వచ్చింది). అలాంటప్పుడు జీలిబ్‌సీ (చాలా లైనక్స్‌లలో ఉండే సీ లైబ్రరీ) తన పోసిక్స్ ఫాలోకేట్‌లో ఎర్రర్ ఇవ్వదు. గుట్టుచప్పుడు కాకుండా తనే ప్రతి 4096 బైట్లకీ ఒక సున్నా రాసుకుంటూ పోతుంది. 2 జీబీకి 5,24,288 రైట్లు, అదీ నెట్‌వర్క్ మీద. జాగా నిజంగానే వస్తుంది కాబట్టి టెస్టు పాస్. కానీ మీరు పరీక్షించాలనుకున్న కెర్నెల్ దారి ఒక్కసారి కూడా నడవలేదు.

సమస్య నెమ్మదితోనే ఆగిపోదు. ఆ సున్నాలు రాస్తున్న సమయంలో ఇంకో థ్రెడ్ అదే ఫైల్లో రాస్తే, దాని డేటా మీద సున్నా పడొచ్చు. నెలకోసారి ఫెయిలయ్యే టెస్టులు ఇక్కడే పుడతాయి. ఫైలును అపెండ్‌లోనో, రైట్ ఓన్లీలోనో తెరిచి ఉంటే ఈ దారిలో "బ్యాడ్ ఫైల్ డిస్క్రిప్టర్" వస్తుంది. డిస్క్రిప్టర్ ఎవరు మూసేశారా అని రోజంతా వెతుకుతారు. ఎవరూ మూయలేదు. ఆల్పైన్ లైనక్స్ ఇమేజ్‌లో జీలిబ్‌సీ బదులు ఉండే మసల్ ఈ నాటకం ఆడదు, ఎర్రర్ ఉన్నదున్నట్టు ఇస్తుంది. అందుకే డెబియన్‌లో పాసైన టెస్టు ఆల్పైన్‌లో పడిపోతే ఆల్పైన్‌ని తిట్టకండి.

పరిష్కారం: టెస్టులో లైనక్స్ ఫాలోకేట్‌నే నేరుగా పిలవండి. సపోర్ట్ లేదని వస్తే, ఫైల్ సిస్టమ్ పేరుతో సహా మెసేజ్ రాసి స్కిప్ చేయండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ (లైనక్స్ ఫైల్ సిస్టమ్‌లను పరీక్షించే టెస్టుల సెట్) కూడా ముందు ఫైల్ సిస్టమ్‌కి ఆ పని వచ్చా అని అడిగి, రాకపోతే "నాట్ రన్" అంటుంది. అయితే స్కిప్‌కి అలవాటు పడితే అన్ని జాబుల్లోనూ స్కిప్ అయి, బోర్డు మాత్రం పచ్చగా ఉంటుంది. కనీసం ఒక జాబులో స్కిప్ వస్తే ఫెయిల్ అయ్యేలా పెట్టండి. ఆ జాబు కోసం సీఐ ఇచ్చిన డిస్కుని నమ్మకుండా మీరే ఇమేజ్ ఫైలు చేసి, ఈఎక్స్‌టీ4 ఒకటి, ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఒకటి లూప్ మౌంట్ చేసుకోండి (అంటే ఆ ఫైలునే డిస్కులా తగిలించడం). ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కి 300 ఎంబీ దాటి ఇవ్వాలి, ఫైల్ సిస్టమ్ తయారుచేసే ఎంకేఎఫ్‌ఎస్ కమాండు కొత్త వెర్షన్ అంతకు తక్కువైతే ఒప్పుకోదు. డిస్కు నిండే టెస్టుకీ ఈ చిన్న డిస్కే పనికొస్తుంది. జీలిబ్‌సీ దారి కూడా మీ యూజర్లకి తగులుతుందనుకుంటే దానికి వేరే టెస్టు రాయండి, చిన్న ఫైలుతో.

మిగతావి

జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో ఫాలోకేట్ కాల్ సక్సెస్ అని వచ్చినా బ్లాకులు పెరగవు. ఖాళీ ఉందో లేదో చూస్తుంది, పట్టి ఉంచదు. మీ కోడ్ తప్పు కాదు, ఆ జాబులో బ్లాకుల చెక్ తీసేయండి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో స్నాప్‌షాట్ తీశాక జాగా చాలలేదంటే అది దాని స్వభావం. "ఫైల్ టూ లార్జ్" వస్తే యూలిమిట్ (ఫైలు సైజుకి షెల్ పెట్టే హద్దు) చూడండి.