మన ఇల్లు ఏ మెట్టు మీద ఉంది? ఇంట్లోనే లెక్కేసుకునే పద్ధతి

గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి ఖర్చుల లెక్కలు రాసే సర్వే పని చేశాను నేను. డూప్లెక్స్ ఇంట్లో ఏసీ వేసి కూర్చోబెట్టినవాళ్లూ, రేకుల షెడ్డు ముందు నులక మంచం వాల్చినవాళ్లూ నాతో అన్నది ఒకటే మాట: "మేం మిడిల్ క్లాసమ్మా." ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఒకరు అమెరికాలో ఉన్న తోడల్లుడిని చూసి చెప్పారు, ఇంకొకరు వీధి చివర గుడిసెను చూసి చెప్పారు. పక్కింటిని చూడకుండా, దేశం మొత్తంలో మన ఇల్లు ఎక్కడుందో తెలుసుకోవాలంటే ఒక ఆదివారం మధ్యాహ్నం, ఒక నోటుపుస్తకం చాలు.

జీతంతో మొదలుపెట్టకండి. సంపాదన ఎంతని అడిగితే చాలామంది తగ్గించే చెబుతారు. బియ్యం కార్డు పోతుందేమోనన్న భయం ఒకటి, దిష్టి తగులుతుందన్న భయం ఇంకొకటి. రైతుకూ, కిరాణా కొట్టాయనకూ అయితే నెల సంపాదన ఎంతో నిజంగానే తెలియదు. అందుకే సర్వేల్లో ఖర్చు అడుగుతారు. నూనె ప్యాకెట్లు ఎన్ని అంటే ఎవరూ దాచరు.

ముందు తలలు లెక్కపెట్టండి. ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్లంతా ఒక ఇల్లు. అన్నదమ్ములు ఒకే కప్పు కింద ఉన్నా పొయ్యిలు వేరైతే రెండు ఇళ్లు. హాస్టల్లో ఉన్న పిల్లాడి ఫీజు మీ ఖర్చులో రాస్తుంటే వాడి తల కూడా కలపండి. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్న అబ్బాయిని వదిలేయండి. అతను పంపే డబ్బు మీ ఖర్చులో ఎలాగూ కనిపిస్తుంది.

తర్వాత పేజీని మూడు భాగాలు చేయండి. పాలు, కూరగాయలు, గుడ్లు, చికెన్, పండ్లు గడిచిన 7 రోజులవి. బియ్యం, పప్పులు, గ్యాస్, కరెంటు, పెట్రోలు, రీఛార్జి, ఇంటద్దె 30 రోజులవి. బట్టలు, స్కూలు ఫీజు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు, ఫ్రిజ్జు లాంటివి 365 రోజులవి. మొదటిదాన్ని 30తో గుణించి 7తో భాగించాలి, మూడోదాన్ని 12తో భాగించాలి. భార్యాభర్తలు విడివిడిగా రాసి కలుపుకుంటే మంచిది. మగవాళ్లు రాస్తే పాలు, కూరలు సగమే పడతాయి. బయట తాగిన టీలు మాత్రం ఎవరు రాసినా తక్కువే.

బంగారం, చీటీ, ఎల్ఐసీ ప్రీమియం, స్థలం, ఇంటి లోను వాయిదా రాయకండి. అవి దాచుకున్నవో, తీర్చుకున్నవో గానీ వాడుకున్నవి కావు. సొంత చేలో బియ్యం, సొంత గేదె పాలు మాత్రం మీ ఊళ్లో రైతుకు వచ్చే ధర కట్టి రాయాలి. రేషన్‌లో ఉచితంగా వచ్చిన బియ్యానికి ధర కట్టకండి, మనం పోల్చుకోబోయే అంకెల్లో అది లేదు. ఇంట్లో పెళ్లి జరిగిన ఏడాది అసలీ లెక్క జోలికే పోవద్దు.

ఒక ఇల్లు అనుకుందాం. విజయవాడలో అద్దెకుంటున్న నలుగురు. ఆయన హోల్‌సేల్ బట్టల కొట్లో గుమాస్తా, ఆమె ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. వారం సరుకులు 1,750, అంటే నెలకు 7,500. బియ్యం, పప్పు, నూనె 4,600. గ్యాస్, కరెంటు, ఫోన్లు, పెట్రోలు 4,700. అద్దె 7,000. టిఫిన్లు, మందులు 2,200. ఏడాది ఖర్చులు 1,08,000, నెలకు 9,000. మొత్తం 35,000. నలుగురికి పంచితే తలకు 8,750.

ఇప్పుడు కొలబద్ద. కేంద్ర గణాంక శాఖ 2022-23లో చేసిన గృహ వినియోగ వ్యయ సర్వేలో దేశంలోని పట్టణ జనాన్ని ఖర్చు ప్రకారం కింది నుంచి పైకి వరుసలో పెట్టారు. అట్టడుగు 5 శాతం తలసరి నెల ఖర్చు సగటున 2,001 రూపాయలు. నడిమధ్యకు కాస్త కిందున్న పదో వంతుది 4,963, కాస్త పైనున్న పదో వంతుది 5,662. 70 నుంచి 80 శాతం మధ్య ఉన్నవాళ్లది 7,673, 80 నుంచి 90 మధ్యవాళ్లది 9,582. పై 5 శాతానిది 20,824.

ఇవి అప్పటి ధరలు. అప్పటికీ ఇప్పటికీ పెరిగిన ధరలకు మీ అంకెలోంచి నూటికి 12 దాకా తీసేయండి. మన గుమాస్తా గారి 8,750 కాస్తా 7,700 అవుతుంది. అంటే పట్టణాల్లోని ప్రతి నూరుమందిలో సుమారు 75 మంది ఈ ఇంటికి కిందే ఉన్నారు. ఫీజు కట్టే నెలలో చేబదులు చేసే ఇల్లది! ఈ మాట చెబితే ఆ ఇంటావిడ నవ్వుతుంది, లేదా కోప్పడుతుంది. రెండూ చూశాను.

సగటు అనే అంకెను నమ్మి మోసపోకండి. ఆ ఏడాది పట్టణ సగటు 6,459. వరుసలో సరిగ్గా మధ్యన నిలబడ్డ మనిషి ఖర్చు మాత్రం 5,300 దగ్గరే. పైనున్న కొద్దిమంది సగటును లాగేస్తారు.

పైమెట్టు గురించి నాకున్న అనుమానం కూడా చెప్పాలి. గేటెడ్ కమ్యూనిటీల్లో సెక్యూరిటీ దాటి లోపలికి వెళ్లడమే కష్టం. వెళ్లినా సార్ మీటింగులో ఉంటారు. కాబట్టి 20,824 అన్నది అసలు ధనవంతుల ఖర్చు అనుకోకండి. పన్నుల లెక్కలు కూడా కలిపి వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ అనే పరిశోధన సంస్థ 2024లో వేసిన అంచనా ప్రకారం, 2022-23లో దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం పై ఒక్క శాతం చేతిలోనే ఉన్నాయి. మనం 75వ మెట్టు మీదున్నా కింద ఉన్నట్టే అనిపించడానికి ఇదొక కారణం. తలెత్తితే కనిపించే మెట్లు మరీ ఎత్తు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కారున్న ఇళ్లు నూటికి 8 కూడా లేవు. కానీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చూస్తే దేశమంతా కార్లే అనిపిస్తుంది.

సర్కారు గీతలను కొలతగా వాడొద్దు. తెలంగాణలో రేషన్ కార్డుకు పల్లెలో ఏడాదికి లక్షన్నర, పట్నంలో 2 లక్షలు హద్దు. ఆర్థికంగా బలహీన వర్గాలకిచ్చే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌కు 8 లక్షల లోపు. నెలకు 60 వేలు వచ్చే ఇల్లు ఒక ఆఫీసులో కలిగిన ఇల్లు, ఇంకో ఆఫీసులో బలహీన వర్గం. ఆ గీతలు ఎవరికి ఏం ఇవ్వాలో తేల్చడానికి గీసినవి.

అంకె వచ్చాక దాని పక్కన రెండు మాటలు రాయండి. ఒకటి, ఇల్లు సొంతమా, అద్దెదా. ఆ వినియోగ సర్వేలో సొంతింటికి అద్దె ఎంతవుతుందో లెక్కగట్టి కలపరు కాబట్టి, ఒకే జీతం ఉన్న ఇద్దరిలో అద్దెకున్నాయన పైకి, సొంతిల్లున్నాయన కిందికి కనిపిస్తారు. నిజానికి ధీమా రెండో ఆయనదే. రెండు, రేపు సంపాదన ఆగిపోతే బంగారం తాకట్టు పెట్టకుండా ఎన్ని నెలలు గడుస్తుంది. నన్నడిగితే తరగతి అంటే ఈ రెండో జవాబే. పెన్షన్ వచ్చే టీచరుగారూ, సొంత లారీ తిప్పే డ్రైవరూ ఒకే మెట్టు మీద తేలవచ్చు. ఒకరు నిద్రపోతారు, ఇంకొకరికి టైరు పేలితే టెన్షన్.

పల్లెల్లో ఉన్నవాళ్లు పట్టణ అంకెలతో పోల్చుకోవద్దు. అదే సర్వేలో దేశంలోని గ్రామాల్లో నడిమధ్య మనిషి ఖర్చు 3,300కు కాస్త అటూ ఇటూ, పై 5 శాతానిది 10,501. మన పల్లెల్లో ఖర్చు దేశం కంటే ఎక్కువ. గ్రామీణ సగటు దేశానికి 3,773 అయితే ఆంధ్రప్రదేశ్‌కు 4,870, తెలంగాణకు 4,802. కాబట్టి తలకు 4,800 తేలిన ఇల్లు దేశం వరుసలో బాగా పైన ఉన్నా, సొంత ఊళ్లో మామూలు ఇల్లే. రెండు మెట్లూ రాసుకోండి.