తుఫాన్ల నెలల్లో హైవే ఎక్కే ముందు డిక్కీ డోరు చూసుకోండి

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మొదలుకొని సంక్రాంతి దాకా మన ఉత్తరాంధ్ర హైవే మీద సొంతూళ్లకి వచ్చిపోయే కార్లే కార్లు. తుఫాన్లు వచ్చేదీ ఈ నెలల్లోనే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే తీరం దాటాయి. బయల్దేరే ముందు టైర్లలో గాలి, ఇంజన్ ఆయిలు అందరూ చూపించుకుంటారు. డిక్కీ డోరు సరిగ్గా పడుతోందా, బానెట్ పూర్తిగా లాక్ అయిందా అన్నది ఎవరికీ పట్టదు. హ్యాచ్‌బ్యాక్ (వెనక అద్దంతో సహా డిక్కీ డోరు పైకి లేచే కారు) ఉన్నవాళ్లు, సెకండ్ హ్యాండ్‌లో స్పోర్ట్స్ కారు కొని ముచ్చట తీర్చుకుంటున్న కుర్రాళ్లు మాత్రం ఈ రెండూ చూసుకోకుండా టోల్‌గేటు దాటకూడదు.

ముందు చిన్న లెక్క. వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో గాలికి ఎదురుగా నిలబెట్టిన రేకు మీద చదరపు మీటరుకి సుమారు 12 కిలోల బరువు పడుతుంది. 100 దగ్గర అదే 47 కిలోలు. పైగా స్పీడోమీటర్ చూపించేది రోడ్డు మీది వేగం. బండికి తగిలేది గాలి వేగంతో కలిపి. మీరు 100లో ఇచ్ఛాపురం వైపు వెళ్తున్నారు, ఈశాన్యం నుంచి 40 కిలోమీటర్ల గాలి ఎదురొస్తోంది అనుకోండి. బానెట్ మీదికి వచ్చేది 140 కిలోమీటర్ల గాలి. ఒత్తిడి 90 కిలోలు దాటుతుంది. నాలుగు లైన్ల రోడ్డు మీద కార్లకి 100 దాకా పర్మిషన్ ఉంది కదా అని ఆ రోజు కూడా అంతే తొక్కితే ఎలా? ఎదురుగాలి ఎంతుందో మీటరులో కనీసం అంత తగ్గించుకోవడం నయం.

బండి ముందు గాలి నెడుతుంది, వెనక లాగుతుంది. రూఫ్ మీదుగా వచ్చిన గాలి డిక్కీ అద్దం దగ్గరికొచ్చేసరికి బాడీని వదిలేస్తుంది. అక్కడ ఒత్తిడి పడిపోయి సుడి తిరుగుతుంది. హ్యాచ్‌బ్యాక్ వెనక అద్దం పొద్దున్న కడిగితే సాయంత్రానికి దుమ్ము కొట్టుకుపోయేది అందుకే, దానికి వైపర్ పెట్టేదీ అందుకే. ఆ దుమ్ముని పైకి లేపే సుడే సైలెన్సర్ పొగనీ లేపుతుంది. డోరు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, అదే బీడింగ్, ఎక్కడ వదులుగా ఉంటే అక్కణ్ణించి పొగ లోపలికొస్తుంది. ఇదేదో చవక బండ్లకే వచ్చే జబ్బు అనుకోకండి. 1969లో వచ్చిన డాట్సన్ 240జెడ్ అనే జపాన్ స్పోర్ట్స్ కారుకి, లోపలి గాలి బయటికి పోయే సందులు మొదట్లో డిక్కీ డోరు మీదే ఉండేవి. తర్వాత వాటిని వెనక పక్క అద్దాల దగ్గరి స్తంభాల మీదికి మార్చారు. పాత 240జెడ్‌లు నడిపేవాళ్లు ఇప్పటికీ బీడింగులు, వెనక లైట్ల రబ్బర్లు మార్చుకుంటూ పొగతో కుస్తీ పడుతూనే ఉంటారు.

పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. వెనక సీట్లో పిల్లలు తలనొప్పి, వికారం, మత్తుగా ఉంది అంటే "కారు పడలేదు" అని నిమ్మకాయ వాసన చూపించి సరిపెట్టేస్తాం. అలా చేయకండి. బండి ఎడమ పక్కకి తీసి, ఇంజన్ ఆపి, అందర్నీ దించి గాలి పీల్చుకోనివ్వండి. దిగాక కాసేపటికి తేరుకుంటే అనుమానం బీడింగ్ మీదే పెట్టుకోవాలి. తేరుకోకపోతే నేరుగా ఆసుపత్రికే.

బీడింగ్ పరీక్షకి మెకానిక్ అక్కర్లేదు. పది రూపాయల నోటు సగం లోపల, సగం బయట ఉండేలా పెట్టి డిక్కీ వేయండి. మెల్లగా లాగండి. పట్టి పట్టి వస్తే బాగున్నట్టు, జారిపోయి చేతికొస్తే అక్కడ వదులన్నట్టు. చుట్టూ జానెడు దూరానికొకచోట ఇలా చూసుకుంటూ పోవాలి. ఎక్కువగా కింది మూలల్లోనే దొరుకుతుంది, సామాను ఎక్కించి దించేటప్పుడు రబ్బరు నలిగేది అక్కడే కాబట్టి. ఇంకో పద్ధతి, బీడింగ్‌కి పౌడరు రాసి డోరు ఒకసారి వేసి తీయడం. రేకు మీద పౌడరు గీత ఎక్కడ తెగిందో అక్కడ రబ్బరు ఆనడం లేదు.

డోరు ఒకటికి రెండుసార్లు కొడితేగానీ పడటం లేదంటే లాక్ పోయిందని వెంటనే తేల్చేయకండి. విజయనగరంలో ఒక టింకరింగ్ షెడ్డులో పెద్దాయన ఇలాంటి బండి వచ్చినప్పుడల్లా చెప్పేది ఒకటే: "అద్దం ఒకటి దించీసి ఎయ్యండి బాబూ." అద్దం దించితే డోరు సుళువుగా పడిందంటే లాక్‌ది తప్పు కాదు. లోపలి గాలికి బయటికి దారి లేదు. చాలా కార్లకి వెనక బంపర్ వెనకాల రబ్బరు రెక్కలున్న గాలి సందులుంటాయి. గాలిని బయటికే పోనిస్తాయి, లోపలికి రానివ్వవు. బురద పట్టినా, డిక్కీలో స్పీకర్ల కోసం షీటు అతికించినా అవి మూసుకుపోతాయి. రెక్క చిరిగితే ఇంకా చేటు, పొగకి రాజమార్గం అదే. అద్దం దించినా పడకపోతే అప్పుడు లాక్ కొక్కెం, డోరు అంచున ఉండే రబ్బరు స్టాపర్లు సర్దించుకోవాలి. స్టాపరు మరీ బయటికి తిప్పితే డోరు సగం లాక్‌లోనే ఆగిపోతుంది, అది ఇంకో తలనొప్పి.

డిక్కీ మీద రెక్కలా బిగించే స్పాయిలర్ మోజు గురించి కూడా ఒక మాట. 1998లో వచ్చిన మొదటి ఆడి టీటీకి వెనక స్పాయిలర్ ఉండేది కాదు. జర్మనీ హైవేల మీద విపరీతమైన స్పీడులో బండి వెనక భాగం పట్టు తప్పి ప్రమాదాలు జరిగాక, కంపెనీ బండ్లని వెనక్కి పిలిచి చిన్న స్పాయిలర్ బిగించింది. అది లెక్క ప్రకారం చేసిన పని. మన దగ్గర యాక్సెసరీ షాపులో డబుల్ టేప్‌తో అతికించేది సోకుకే. ఎండకి టేప్ వదిలి, హైవే మీద ఎగిరి వెనకొచ్చే బైకువాడికి తగిలితే? పైగా డోరు బరువు పెరిగి, దాన్ని పైకెత్తి పట్టుకునే షాకర్లు నిలవవు. వాటిలో ఉండేది ఒత్తిడి పెట్టిన నైట్రోజన్. రాడ్ మీద నూనె చెమ్మ కనిపిస్తే, తెరిచిన డోరు మెల్లగా కిందికి జారుతుంటే, రెండూ కలిపి మార్చేయండి. పాతవాటిని కోయించడం, వెల్డింగ్ పెట్టించడం లాంటివి చేయకండి.

అన్నిటికంటే ప్రమాదం పండక్కి వచ్చి తిరిగెళ్లే రోజున. బియ్యం బస్తా, కొబ్బరికాయలు, పలాస జీడిపప్పు, పిండివంటల డబ్బాలు, అన్నీ కుక్కి, డోరు పడక తాడుతో కట్టి బయల్దేరుతారు. డిక్కీ తెరిచి ఉంటే సుడిలో ఉన్న పొగంతా తిన్నగా లోపలికే. "అద్దాలన్నీ మూసేసి ఏసీ వేసుకుంటాంలే" అనేవాళ్లున్నారు. లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కి ఉంటే పొగ పేరుకుంటూ పోతుంది. బస్తా ఒకటి బస్సులో వేయండి, లేదా అక్కడే వదిలేయండి. ఎదురుగా వాన, చీకటి, ఇంకో దారి లేదు అనుకుంటే ముందు అద్దాలు దించి, బయటి గాలి తీసుకునే మోడ్‌లో బ్లోయర్ ఫుల్‌గా పెట్టి, నెమ్మదిగా దగ్గర్లోని ఊరి దాకా మాత్రమే వెళ్లి సామాను దించుకోండి. డోరు పడినా సరే, సంచి కొన బీడింగ్‌లో ఇరుక్కోలేదని ఒకసారి చుట్టూ వేలు పెట్టి చూడాలి.

బానెట్‌కి రెండు లాక్‌లుంటాయి. సర్వీసింగ్ నుంచి వచ్చాక మొదటిది పడక రెండోదాని మీదే నిలబడి ఉండొచ్చు. ఊళ్లో తిరిగినంతసేపూ తెలియదు. హైవే మీద అంచు అదరడం కనిపిస్తే గట్టిగా బ్రేకు కొట్టకుండా స్పీడు తగ్గించి పక్కకి తీయండి. ఎగిరి అద్దం మీద పడితే బానెట్ కింది సందులోంచి గానీ, పక్క అద్దంలోంచి తల పెట్టి గానీ రోడ్డు చూస్తూ, స్టీరింగ్ తిప్పేయకుండా ఆపాలి.

నాగావళి, వంశధార వంతెనల మీద పక్కగాలి ఒక్కసారిగా తగులుతుంది. లారీని దాటేటప్పుడు గాలి ముందు దాని వైపు లాగి, తర్వాత బయటికి నెడుతుంది. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలి, లారీకి బాగా ఎడం ఇవ్వాలి. తుఫాను హెచ్చరిక ఇచ్చిన రోజున మాత్రం ఈ జాగ్రత్తలేవీ చాలవు, బండి ఇంటి దగ్గరే ఉంచండి, కొబ్బరిచెట్టు కింద కాకుండా.