ప్రపంచ ప్రాంతాల్లో ఆర్థిక సంస్థల ఎదుగుదలను పోల్చడం ఎలా?

బ్యాంకులు, బీమా కంపెనీలు, పెన్షన్ ఫండ్లు ఏ ప్రాంతంలో ఎంత ఎదిగాయో తెలుసుకోవాలంటే చాలామంది ఒకే అంకె పట్టుకుంటారు: ప్రైవేటు రంగానికి ఇచ్చిన అప్పులు జీడీపీలో ఎంత శాతం అని. దయచేసి అక్కడితో ఆగకండి. అంకె పెద్దదైనంత మాత్రాన సంస్థలు గట్టిగా ఉన్నాయని కాదు. 2008కి ముందు ఐస్‌లాండ్‌లో మూడు పెద్ద బ్యాంకుల ఆస్తులు దేశ జీడీపీకి ఎన్నో రెట్లు పెరిగాయి. ఆ ఏడాది అక్టోబరులో మూడూ కొద్దిరోజుల తేడాతో కుప్పకూలాయి.

1. ఏం కొలుస్తున్నారో తేల్చుకోండి. ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి) ఫైనాన్షియల్ డెవలప్‌మెంట్ ఇండెక్స్ సంస్థలను మూడు కోణాల్లో చూస్తుంది: లోతు (ఆర్థిక వ్యవస్థతో పోలిస్తే వాటి పరిమాణం), అందుబాటు, సమర్థత. 1980 నుంచి లెక్కలున్నాయి. స్కోరు 0కి, 1కి మధ్య ఉంటుంది. మొత్తం స్కోరు కన్నా ఈ మూడింటినీ విడివిడిగా చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

2. దేశాల జాబితా ఖరారు చేయండి. పోలికలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి తొందరపడొద్దు. సోవియట్ యూనియన్‌లో బ్యాంకింగ్ దాదాపు అంతా ప్రభుత్వం చేతిలోనే ఉండేది. అక్కడి నుంచి విడివడిన దేశాల లెక్కలు 1990ల్లోనే మొదలవుతాయి. కొత్త దేశాలు మధ్యలో వచ్చి చేరితే, ఎక్కడా ఏమీ మారకపోయినా ప్రాంతం సగటు మారిపోతుంది. ప్రపంచ బ్యాంకు ఇచ్చే 'అధికాదాయ దేశాలు మినహా' సగటులో ఇంకో చిక్కుంది. బాగా ఎదిగిన దేశం అధికాదాయ వర్గంలోకి వెళ్లగానే ఆ గుంపులోంచి తప్పుకుంటుంది, మిగిలినవి వెనకబడినట్టు కనిపిస్తాయి. అందుకే మొదటి ఏడాది నుంచి చివరి ఏడాది దాకా అవే దేశాలు ఉండాలి.

తూర్పు ఆసియాలో ఒక్కో దేశానికి దాని జీడీపీని బట్టి ప్రాధాన్యం ఇచ్చి సగటు తీస్తే అందులో చైనాయే ఎక్కువగా కనిపిస్తుంది. పక్కనే మధ్యగతం (దేశాలను వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చే అంకె) కూడా వేయండి.

3. రెండు ఏడాదులను మాత్రమే పోల్చకండి. లాటిన్ అమెరికాకు 1982 రుణ సంక్షోభం, తూర్పు ఆసియాకు 1997 సంక్షోభం పెద్ద మలుపులు. మీరు ఎంచుకున్న ఏడాది వాటికి ముందుదా, తర్వాతిదా అన్నదాన్ని బట్టి ఫలితం తారుమారవుతుంది. ఐదేళ్ల సగటులు నయం. ఇంకో మాట: జీడీపీ పడిపోతే అప్పులు పెరగకపోయినా జీడీపీలో అప్పుల శాతం పెరుగుతుంది. 2020 అంకెలు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

4. అందుబాటును బ్రాంచీల లెక్కతోనే కొలవకండి. కెన్యాలో 2007లో ఎం-పెసా (మొబైల్ ఫోన్‌తో డబ్బు పంపుకునే సేవ) వచ్చాక డబ్బు పంపడానికి బ్యాంకుకు వెళ్లాల్సిన పని చాలామందికి తప్పింది. ప్రపంచ బ్యాంకు ఫిండెక్స్ సర్వే ప్రకారం 2021లో సహారాకు దిగువనున్న ఆఫ్రికాలో 55 శాతం పెద్దవాళ్లకు ఖాతా ఉంది. 33 శాతం మందికి మొబైల్ మనీ ఖాతా ఉంది. బ్రాంచీలే లెక్కపెడితే ఈ మార్పు కంటికే కనబడదు. ఐరోపాలో దీనికి ఎదురు జరిగింది: జనం ఆన్‌లైన్‌కు మళ్లడంతో బ్రాంచీలు మూతపడుతున్నాయి. దాన్ని వెనకబాటు అనుకోకూడదు. పేదలకు ఖాతా చేరిందా లేదా అన్నది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, ఫిండెక్స్‌లో ఆదాయ వర్గాల వారీ అంకెలు తప్పకుండా తీయండి.

5. సమర్థతకు డిపాజిట్ వడ్డీకీ అప్పు వడ్డీకీ మధ్య తేడా చూస్తే చాలావరకు సరిపోతుంది. ద్రవ్యోల్బణం ఎక్కువున్న చోట ఆ తేడా కూడా పెరుగుతుంది కాబట్టి రెండూ కలిపి చదవండి.

6. గ్రాఫు వేయండి. ఒక్కో కొలతకు ఒక్కో గ్రాఫు, ఒక్కో ప్రాంతానికి ఒక్కో గీత. సంక్షోభ సంవత్సరాలను నిలువు గీతలతో గుర్తించండి. ప్రతి గ్రాఫు కింద ఎన్ని దేశాలను లెక్కలోకి తీసుకున్నారో రాయండి.