పై బెర్త్‌లో చదువుకోవడానికి చిన్న ట్యాబ్: కొనేముందు చూడాల్సినవి

నెలకు రెండుసార్లు విశాఖ నుంచి సికింద్రాబాద్‌లో ఉన్న అమ్మ దగ్గరికి వెళ్తాను. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే మళ్లీ దిగేది పొద్దున్నే. నేను తెలుగు లెక్చరర్‌ని. నా ట్యాబ్ నిండా పాత పత్రికల, పుస్తకాల స్కాన్ కాపీలే ఉంటాయి. అందుకే నేను చెప్పేది ముఖ్యంగా చదువుకునేవాళ్ల కోసం.

ముందు బరువు. 11 అంగుళాల ట్యాబ్‌లు అరకిలోకు అటూ ఇటూ ఉంటాయి. పడుకుని పట్టుకుంటే పది నిమిషాలకే మణికట్టు లాగేస్తుంది. ఐప్యాడ్ మినీ 293 గ్రాములు, గెలాక్సీ ట్యాబ్ ఎ9 332 గ్రాములు. దీనికి కవరు బరువు కూడా కలుపుకోండి. షాపులో ఒంటి చేత్తో ఐదు నిమిషాలు పట్టుకుని చూడండి, మొహమాటపడకండి.

అంగుళాల లెక్క ఒక్కటే నమ్మొద్దు. ఆ కొలత స్క్రీన్‌కి మూల నుంచి మూలకు తీసినది. నిలువుగా పట్టుకుంటే 8.7 అంగుళాల ఎ9 స్క్రీన్ వెడల్పు సుమారు 11.3 సెంటీమీటర్లు. 8.3 అంగుళాల మినీ వెడల్పు 11.6. పుస్తకం పేజీకి కావాల్సింది ఆ వెడల్పే.

ఇక అసలు సంగతి, మన ఒత్తులు. ఇంగ్లీషు పేజీ ఏ స్క్రీన్ మీదైనా చదవగలం. తెలుగు అలా కాదు. ద, ధ, థ అక్షరాల మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. ‘స్వాతంత్ర్యం’లో త కింద రెండు ఒత్తులు ఇరుక్కుని ఉంటాయి. స్క్రీన్ మీద అక్షరం చిన్న చిన్న చుక్కలతో (పిక్సెల్స్‌తో) ఏర్పడుతుంది, అవి ఎంత దగ్గరగా ఉంటే అంత స్పష్టంగా కనిపిస్తుంది. మినీలో అంగుళానికి 326 పిక్సెల్స్, ఎ9లో దాదాపు 179. కొత్తగా టైప్ చేసిన అక్షరాలు రెండింటిలోనూ బాగానే కనిపిస్తాయి. అరవై ఏళ్ల నాటి అచ్చు స్కాన్‌లో మాత్రం ఆ తేడా కళ్లకు తెలుస్తుంది. మీరు చదివే రకం పేజీ ఒకటి మీ మెయిల్‌లో పెట్టుకుని షాపుకు వెళ్లండి. అక్కడి ట్యాబ్‌లో తెరిచి, జూమ్ చేయకుండా ఒక పేరా చదవండి. తర్వాత మెయిల్ లాగౌట్ చేయడం మర్చిపోకండి.

ధరలో తేడా చాలా ఉంది. ఎ9 2023లో 12,999 రూపాయలకు వచ్చింది. ఐప్యాడ్ మినీ 2024లో 49,900కు వచ్చింది. నేను పాత మినీ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. స్క్రీన్‌కి పెట్టిన డబ్బు వృథా కాదని నా నమ్మకం. అంత పెట్టలేకపోతే ఎ9 లాంటిదే తీసుకుని అడ్డంగా తిప్పి, అరపేజీ చొప్పున చదవండి. అక్షరాలు పెద్దవై, ఒత్తులు తేలిగ్గా అందుతాయి.

మరీ చవకది మాత్రం వద్దు. నా మొదటి ట్యాబ్‌లో ర్యామ్ 2 జీబీ, స్టోరేజ్ 32 జీబీ. 300 పేజీల స్కాన్ తెరిస్తే పేజీ పేజీకీ ఆగిపోయేది. ఓ రాత్రి తుని దాటకముందే విసుగొచ్చి బ్యాగులో పడేశాను. ర్యామ్ కనీసం 4 జీబీ ఉండాలి. స్టోరేజ్ 64 జీబీ అయితే మెమరీ కార్డు పెట్టే చోటు కూడా ఉందో లేదో చూసుకోండి. ఐప్యాడ్‌కి ఆ చోటు ఉండదు.

సిమ్ ఉన్న మోడల్ అందరికీ అక్కర్లేదు. ఊరు దాటితే సిగ్నల్ ఎలాగూ వచ్చిపోతూ ఉంటుంది, పుస్తకాలు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుంటే చాలు. కాకపోతే ఒకటి గుర్తుంచుకోండి: వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు. కారు ప్రయాణంలో దారి చూసుకోవాలంటే సిమ్ మోడలే కొనాలి. సినిమాలు చూసేవాళ్లు, ఆండ్రాయిడ్ ట్యాబ్ అయితే, వైడ్‌వైన్ ఎల్1 (వీడియోలు కాపీ కాకుండా కాపాడే ఏర్పాటులో పై స్థాయి) ఉందా అని అడగండి. అది లేకపోతే నెట్‌ఫ్లిక్స్‌లో బొమ్మ హెచ్‌డీలో రాదు.

చార్జింగ్‌కి బెర్త్ దగ్గరి ప్లగ్గు మీద ఆధారపడకండి. ఇంట్లో నిండుగా ఎక్కించుకుని, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఒకటి వెంట ఉంచుకోండి. పక్కకు తిరిగి పడుకునేముందు స్క్రీన్ రొటేషన్ లాక్ చేయండి, లేదంటే మీరు తిరిగినప్పుడల్లా పేజీ కూడా తిరుగుతుంది. బ్రైట్‌నెస్ బాగా తగ్గించండి, ఎదుటి బెర్త్‌లో పసిపిల్లలు నిద్రపోతుంటారు.