పొదుపు సంఘంలో చుట్టరికం: ఎక్కడ వాడుకోవాలి, ఎక్కడ అడ్డుకట్ట వేయాలి

ఆదోని, కోసిగి వైపు పల్లెల్లో సంఘం కట్టడానికి సభ్యులను వెతకాల్సిన పని ఉండదు. ఒకే వీధి, రెండు మూడు ఇంటిపేర్లు, పదిమంది అక్కడే దొరుకుతారు. పదికి తగ్గకూడదు, ఇరవైకి మించకూడదు అన్న లెక్క కూడా సరిపోతుంది. నెలనెలా పొదుపు కట్టించేది ఆ చుట్టరికమే. అప్పులు ఇచ్చే దగ్గర సంఘాన్ని చెడగొట్టేదీ చాలాసార్లు అదే.

ముందు ఒక తెల్లకాగితం మీద అందరి పేర్లూ రాసి గీతలు కలపండి. అత్తాకోడళ్లు ఎవరు, తోడికోడళ్లు ఎవరు, ఒకే కూలి ముఠాలో పోయేవాళ్లు ఎవరు, ఎవరు ఎవరికి బాకీ. ఈ చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. బాకీ ఉన్నామె అప్పిచ్చినామె మాటకు మీటింగ్‌లో ఎదురు చెప్పదు. పన్నెండు మందిలో ఒక కుటుంబం వాళ్లు ముగ్గురికి మించకుండా, ఒక పొయ్యికి ఒక్కరే ఉండేలా చూసుకోండి. ఒకే ఇంట్లో ఇద్దరుంటే, పంట పోయిన ఏడాది రెండు పొదుపులూ ఒకేసారి ఆగిపోతాయి.

పొదుపు ఎంత అన్నది మీటింగ్‌లో అడగొద్దు. మొదట నోరు తెరిచినామె "అయిదు నూర్లు" అంటే మిగతావాళ్లు నామోషీకి తలూపుతారు. ముందుగానే ఒక్కొక్కరినీ విడిగా అడగండి. పత్తి డబ్బులొచ్చే నెలలో కాదు, విత్తనాలు కొనే జూన్‌లో ఎంత కట్టగలరో అడగాలి. వచ్చిన వాటిలో తక్కువ మొత్తాన్నే ఖాయం చేయండి. పన్నెండు మంది 200 చొప్పున కడితే నెలకు 2,400, ఏడాదికి 28,800. చిన్నదే, కానీ నిలుస్తుంది. శక్తికి మించి పెడితే కొందరు మైక్రోఫైనాన్స్‌లో తెచ్చి మరీ పొదుపు కడతారు. పుస్తకాల్లో మాత్రం అంతా సక్రమంగానే కనబడుతుంది. పొదుపు ఠంచనుగా కడుతూ అప్పు కంతు దగ్గర జాప్యం చేసేవాళ్లు ఉంటే ఈ అనుమానంతో ఆరా తీయండి. ఎక్కువ దాచుకోగలిగినవాళ్లకు పుస్తకంలో వేరే గడి పెట్టండి, ఆ అంకె బయటికి చదవొద్దు.

మీటింగ్ రోజు గుండ్రంగా కూర్చోవాలి. ఎవరి డబ్బు వాళ్లే ఇవ్వాలి, మొత్తాన్ని పైకి చెప్పాలి, పాస్‌బుక్‌లో అక్కడికక్కడే ఎక్కాలి. "మా వదిన చేతికిచ్చి పంపినా" అన్నదాన్ని ఒకసారి ఒప్పుకుంటే వచ్చే నెల ఇంకో ముగ్గురు అలాగే పంపుతారు. రాని సభ్యురాలి ఇంటికి ఆ సాయంత్రమే ఒకరు వెళ్లాలి, అయితే చుట్టాలు వద్దు. చుట్టమైతే వెనకేసుకొస్తుంది, లేదంటే పాత గొడవ తవ్వుతుంది. పక్కింటామె అయితే సంగతేమిటో కనుక్కుని వస్తుంది. కట్టనివాళ్ల పేర్లు వాట్సాప్‌లో పెట్టే అలవాటు కొన్నిచోట్ల మొదలైంది. దానివల్ల డబ్బు రాదు, మనిషి కూడా రావడం మానేస్తుంది. పది రూపాయల జరిమానాను లీడర్ ఆలస్యంగా వచ్చిన రోజు ముందు ఆమె దగ్గరే వసూలు చేయండి; తర్వాత ఎవరూ వాదించరు.

సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోయే కాలానికి, వేరే నియమం కావాలి. గుంటూరు వైపు మిరపకోతకు ముఠాలు పోతే సంఘంలో సగం ఖాళీ అవుతుంది. పోయేటప్పుడు మాట్లాడుకుందాంలే అనుకుంటే ముఠా మొత్తం ఒకరిని చూసి ఒకరు ఆపేస్తారు. నవంబర్‌లోనే తీర్మానం రాయండి: పత్తి డబ్బులోంచి నాలుగు నెలలది 800 ముందే కట్టడం, లేదా ఉగాది తర్వాతి మొదటి మీటింగ్‌లో జరిమానా లేకుండా మొత్తం కట్టడం. అక్కడి నుంచి ఫోన్‌లో పంపేవాళ్లు సంఘం ఖాతాకే వేయాలి, లీడర్ నంబరుకు కాదు. ముందుగా వచ్చిన సొమ్ము ఎవరింట్లోనూ ఉంచొద్దు, మర్నాడే బ్యాంకులో జమ చేయాలి.

ఇక అప్పులు. అడిగినామె చుట్టాలు ఆ తీర్మానంపై మాట్లాడకూడదు. ఇదొక్కటీ పాటిస్తే సగం తగాదాలు ఉండవు. రెండోది బినామీ: ఆడబిడ్డ కోసం వదిన తన పేరున అప్పు తీసుకోవడం. కంతు ఆగాక "తిన్నది ఆమె, కట్టమంటే నన్నా?" అంటుంది. సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, వసూళ్లు, పుస్తకాలు అంటూ బ్యాంకు చూసే పంచసూత్రాల్లో ఇది ఎక్కడా బయటపడదు. అప్పు గేదెకైతే, బంధుత్వం లేని ఇద్దరు నెలలోపు పోయి గేదెను చూసి రావాలి. చూసినట్టు మినిట్స్‌లో రాయాలి.

చెక్కు మీద సంతకాలు పెట్టే లీడర్లు ఒకే ఇంటివాళ్లు కాకుండా చూడండి. తోడికోడళ్లిద్దరికీ సంతకం హక్కు ఉంటే, వాళ్లింట్లో మాటలు ఆగిన రోజు సంఘం ఖాతా కూడా ఆగుతుంది. రెండేళ్లకోసారి లీడర్లను మార్చండి, మార్చిన వారంలోపే తీర్మానం నకలు, కొత్త సంతకాలు బ్యాంకులో ఇవ్వండి.