బోటు స్పీడు అందుకోవడం లేదా? ఇంజన్ మార్చేముందు ఇవి చూడండి

ప్లైవుడ్, ఫైబర్‌తో ఇంటిదగ్గరే పద్నాలుగు అడుగుల బోటు చేసుకుని, వెనక పది హెచ్‌పీ లోపు ఔట్‌బోర్డు (బోటు బయట తగిలించే ఇంజన్) బిగించి నీళ్లలో దింపాక అనుకున్నంత స్పీడు రాకపోతే గట్టుమీద వాళ్లు చెప్పే మాట ఒకటే: "ఇంజన్ చాల్దబ్బయా, పెద్దదెయ్యి." కృష్ణపట్నం నుంచి కొత్తపట్నం దాకా ఎవర్ని అడిగినా ఇదే సలహా. నా లెక్కలో అది చివరాఖరున చేయాల్సిన పని. పెద్ద ఇంజన్ అంటే వెనక ఇంకాస్త బరువు, ఇంకా పెట్రోలు ఖర్చు, పైగా అసలు లోపం నీళ్ల కింద అలాగే ఉండిపోతుంది.

ముందు రెండు అంకెలు పట్టుకోండి. ఫోన్‌లో జీపీఎస్ యాప్‌తో స్పీడు, ప్లగ్ వైరుకి చుట్టే చిన్న టాకోమీటర్‌తో ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో. బకింగ్‌హామ్ కాలువలోనో సముద్రానికి దగ్గరగా ఉండే ఏటిలోనో అయితే పోటు, పాటు నీళ్లు లాగుతుంటాయి కాబట్టి వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి కొలిచి సగటు తీయాలి.

ముక్కు పైకి లేస్తుంది, వెనక కుంగుతుంది, స్పీడు 9 - 10 దగ్గరే ఆగిపోతుంది

ఇళ్లలో చేసిన బోట్లకి ఎక్కువగా వచ్చే జబ్బు ఇదే. నీళ్లని చీల్చుకుంటూ పోయే బోటుకి దాని పొడవే హద్దు: నీటిని తాకే పొడవు 14 అడుగులైతే గంటకి సుమారు 9 కిలోమీటర్లు. ఆపైన పోవాలంటే బోటు తను లేపిన అల మీదికి ఎక్కి, నీటి పైన జారాలి. వెనక బరువెక్కువైతే ఎక్కలేదు. నడిపేవాడు, పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ, లంగరు అన్నీ వెనకే పెట్టేసి ఇంజన్‌ని తిడితే ఏం లాభం? ట్యాంకు ముందుకి జరపండి, హ్యాండిల్‌కి పైపు తొడిగి మీరూ ఒక అడుగు ముందుకి కూర్చోండి, ఇంజన్ వంపు పిన్ను ఒక రంధ్రం బోటు వైపుకి మార్చండి. చాలా బోట్లు దీంతోనే లేస్తాయి. అప్పటికీ లేవకపోతే మొత్తం బరువు లెక్కేయండి, మనుషులతో సహా హెచ్‌పీకి సుమారు 20 కిలోలు దాటితే జారడం కష్టం. అలాంటప్పుడు పెద్ద ఇంజన్ మాట ఆలోచించొచ్చు.

ఇంజన్ గోల పెడుతుంది, బోటు కదలదు

చాలాసార్లు ప్రొపెల్లర్ గాలి మింగుతోందన్నమాట. ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఒక పలక ఉంటుంది చూశారా, అది బోటు అడుగుతో సమానంగా, లేదా అంగుళం అటూ ఇటూగా ఉండాలి. ఇంజన్ బిగించే బోటు వెనక చెక్క ఎత్తు షార్ట్ షాఫ్ట్ (పొట్టి కాలు) ఇంజన్‌కి 15 అంగుళాలు, లాంగ్ షాఫ్ట్ (పొడుగు కాలు)కి 20. మనవాళ్లు ఉజ్జాయింపుగా కోసేస్తారు, అక్కడే వస్తుంది తంటా. మరీ పొట్టిగా కోసినా నష్టమే, ఇంజన్ కాలు లోతుకి దిగి నీళ్లని ఈడుస్తుంది. ప్రొపెల్లర్‌కి సరిగ్గా ముందు కీల్ పట్టీ (బోటు అడుగున మధ్యలో పొడవునా ఉండే పట్టీ) ఉంటే దాని వెనక నురగ లేస్తుంది కాబట్టి చివరి రెండు మూడడుగులు సన్నంగా చెక్కేయండి.

ఎత్తు సరిగ్గానే ఉంటే ప్రొపెల్లర్ ఊడదీయండి. షాఫ్ట్‌కి చుట్టుకున్న నైలాన్ వల దారం వేడికి కరిగి గట్టిగా ఉంగరంలా బిగుసుకుని ఉంటుంది, బయటికి కనపడదు. బ్లేడుతో కోసి తీయాలి, ఆయిల్ సీలు కోసుకుపోయిందేమో చూడాలి. ఇక లోపలి రబ్బరు బుష్ జారుతోందా అన్న అనుమానముంటే, మధ్య గొట్టం మీంచి బయటి భాగం దాకా నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీసి బోటు నడపండి. గీత రెండు ముక్కలై పక్కకి జరిగితే బుష్ పోయినట్టే.

ఇంకో లెక్క కూడా ఉంది. 5000 ఆర్‌పీఎం, గేరు నిష్పత్తి 2.08 (ప్రొపెల్లర్ ఒక చుట్టుకి ఇంజన్ తిరిగే చుట్లు), ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టుకి లెక్కప్రకారం ముందుకి పోయే దూరం) 9 అంగుళాలు అయితే లెక్కప్రకారం గంటకి 33 కిలోమీటర్లు రావాలి. నీళ్లు జారతాయి కాబట్టి అందులో నాలుగో వంతు పోయినా పర్వాలేదు. జీపీఎస్ 14 చూపిస్తుంటే మాత్రం శక్తి ఎక్కడో వృథా అవుతోంది.

ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా ఆర్‌పీఎం ఎక్కదు

ఈ సైజు ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు చాలావాటికి 5000 నుంచి 6000 మధ్య తిరగాలి, మీ ఇంజన్ పుస్తకంలో ఉంటుంది. అంతకి తక్కువైతే ముందు చవకైనవి చూడండి: ట్యాంకు మూత మీది గాలి స్క్రూ విప్పారా, కేబుల్ లాగితే కార్బురేటర్ బిళ్ల పూర్తిగా తెరుచుకుంటోందా, పెట్రోల్లో నీళ్లున్నాయా. ఇవన్నీ బాగుంటే పిచ్ ఎక్కువైంది. పిచ్ ఒక అంగుళం తక్కువున్న ప్రొపెల్లర్ వేస్తే సుమారు 200 ఆర్‌పీఎం పెరుగుతుంది.

మొదట్లో బాగానే పోయేది, నెలలు గడిచేకొద్దీ తగ్గింది

ఉప్పునీళ్లలో కట్టేసి ఉంచితే అడుగున నాచు, గుల్లలు పడతాయి. గీకి, నీళ్ల కాగితంతో రుద్దండి. నేల పలకల కింద థర్మోకోల్ నింపి ఉంటే అన్నిటికన్నా పల్లంలో చిన్న రంధ్రం వేసి చూడండి. నీళ్లు కారాయా, మీరు ఇన్నాళ్లూ ఒక కనిపించని ప్యాసింజర్‌ని మోస్తున్నారు.

ముక్కు ఎగిరెగిరి పడుతుంది

బోటు తిరగేసి, తాపీమేస్త్రి వాడే అల్యూమినియం పట్టీని వెనక చివర నుంచి పొడవుగా ఆనించండి. చివరి నాలుగైదు అడుగుల్లో వెలుతురు దూరకూడదు. నీళ్లలో ఉన్నప్పటి లెక్కన, వెనక చివర పైకి వంగి ఉంటే బోటు గెంతుతుంది, కిందికి వంగి ఉంటే ముక్కు దిగి స్పీడు చస్తుంది. పుట్టీ, ఫైబర్‌తో సాపు చేయాల్సిందే, దీనికి అడ్డదారి లేదు.

పులికాట్‌లో మాత్రమే స్పీడు రాదు

మీ బోటులో ఏ లోపమూ లేకపోవచ్చు. సరస్సు చాలాచోట్ల మీటరు లోతే ఉంటుంది, ఆ లోతులో అల పరుగు గంటకి 11 కిలోమీటర్లు మించదు. బోటు ఆ స్పీడుకి దగ్గరయ్యేసరికి తన అలే ఎదురుగా గోడ కట్టినట్టు ఆపుతుంది. దాన్ని దాటి జారగలిగే తేలిక బోటైతే ఇబ్బంది లేదు, లేకపోతే 8 దగ్గర నెమ్మదిగా పోతే పెట్రోలైనా మిగులుతుంది. రిపేర్లు చేశాక టెస్టు మాత్రం లోతున్న చోట, లైఫ్ జాకెట్ వేసుకుని, ఇంజన్ ఆపే తాడు చేతికి కట్టుకుని చేయండి.