మధ్యాహ్నం పాట, రాత్రి సినిమా: హైదరాబాదు వేసవిని ఇంట్లో గడుపుకొనే పద్ధతి

హైదరాబాదు ఎండ కోస్తా ఎండ వంటిది కాదు. నగరం దక్కన్ పీఠభూమి మీద, సముద్రతీరానికి దూరంగా, సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నందువల్ల ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది. పగలు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినా చెమట ఒంటి మీద నిలవదు. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున చీకటి పడ్డాక వేడి త్వరగా దిగుతుంది. విజయవాడలో అర్ధరాత్రి దాకా పీడించే ఉక్కపోత ఇక్కడ మే నెలాఖరు వరకు అంతగా కనిపించదు. మా ఇంట్లో వేసవి దినచర్య అంతా ఈ తేడాను ఆధారం చేసుకొని ఏర్పడింది. ఎండ ముదిరిన గంటలలో ఇల్లు చీకటి చేసుకొని పాటలు వింటాము; సినిమా చూడడాన్ని రాత్రికి, డాబా మీదికి, వాయిదా వేస్తాము. మధ్యాహ్నం చీకటిగదిలో తెర ముందు మూడు గంటలు కూర్చున్న పిల్లలకు కళ్ళు మండి, తల బరువెక్కి, సాయంత్రం ఆట మీద ధ్యాస ఉండదని కొన్నేళ్ళు చూశాక ఈ క్రమానికి వచ్చాము. కొత్తగా ప్రయత్నించదలచినవారికి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

మొదట ఇంటిని సిద్ధం చేయాలి. తెల్లవారుజామున అయిదింటికే కిటికీలన్నీ తెరిచి, ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య వాటిని మూసివేయాలి. బయటి గాలి లోపలి గాలికన్నా వేడెక్కిన తరువాత కిటికీ తెరిచి ఉంచితే వేడిని పిలిచి కూర్చోబెట్టినట్టే. లోపలి తెరకన్నా బయట కట్టిన వెదురు తడికగాని, ఆకుపచ్చ షేడ్ నెట్‌గాని ఎక్కువ మేలు చేస్తుంది, ఎందుకంటే ఎండ అద్దాన్ని తాకక ముందే ఆగిపోతుంది. తెర లోపల ఉంటే ఎండ అద్దం దాటి వచ్చి తెరను వేడిచేస్తుంది, ఆ వేడి గదిలోనే మిగులుతుంది. పై అంతస్తులో ఉండేవారు డాబాకు సున్నం కొట్టించుకోవాలి. మార్చి నెలలో డాబాను ఊడ్చి, కడిగి, ఆరనిచ్చి, ముందురోజు నానబెట్టి వడగట్టిన సున్నంలో కొంత గోందు కలిపి, ఎండ తగ్గిన తరువాత రెండు మూడు పూతలు వేయాలి. మిట్టమధ్యాహ్నం వేసిన పూత చప్పున ఆరి పొట్టులాగా రాలిపోతుంది. తెలుపు రంగు ఎండను తిప్పికొడుతుంది కనుకనే తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది.

ఇక కూలరు. పొడిగాలి ఉన్నంతకాలం ఈ నగరంలో కూలరు బాగా పనిచేస్తుంది, కానీ దానిని గది తలుపులన్నీ మూసి నడిపేవారే ఎక్కువ. నీరు ఆవిరి కావడం వల్లనే గాలి చల్లబడుతుంది. ఆ తడిగాలి బయటికి పోయే దారి లేకపోతే గంటలో గది ఉక్కగా మారుతుంది. కూలరును కిటికీ దగ్గర, బయటి గాలిని పీల్చుకొనేటట్టు పెట్టి, ఎదుటి గోడకున్న కిటికీనో తలుపునో జానెడు తెరిచి ఉంచాలి. బోరు నీళ్ళు పోసేవారి ఇళ్ళలో గడ్డి మీద తెల్లటి పొర కట్టి గాలి ఆగిపోతుంది కాబట్టి గడ్డిని ఏటా మార్చాలి. తొట్టిని వారానికి ఒకసారి పూర్తిగా ఖాళీచేసి, తోమి, ఆరబెట్టాలి. నిలవ నీటిలో దోమలు పెరగడానికి వారం రోజులు చాలు. మూడేళ్ళ క్రితం ఒక దుకాణంలో కొని తెచ్చిన ఇనుప కూలరు తొట్టిలో నీళ్ళు పోస్తుండగా మా అబ్బాయి చేయి జివ్వుమన్నది. దానికి ఎర్త్ తీగ కలపనేలేదని తరువాత తెలిసింది. అదృష్టవశాత్తు అంతటితో పోయింది. కనుక ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగు పరీక్షింపజేయకుండా కూలరు వాడకూడదు. ప్లగ్గు ఊడదీయకుండా నీళ్ళు పోయకూడదు. ఈ రెండు విషయాలలో పిల్లలకు, పెద్దలకు ఒకే నియమం ఉండాలి.

తాగే నీటికి రంజన్, అంటే నీళ్ళు చల్లబరిచే మట్టికుండ, ఒకటి చాలు. కొత్త రంజన్‌ను ఒక రోజు నీళ్ళలో నానబెట్టి, సబ్బు తగలనీయకుండా కొబ్బరిపీచుతో రుద్ది, నీడలో, గాలి తగిలేచోట, తడి ఇసుక మీద ఉంచాలి. వంట తొమ్మిదిలోపు ముగించాలి. మధ్యాహ్నానికి ఉదయం వండిన మామిడికాయ పప్పు, పొయ్యి అవసరంలేని పచ్చిపులుసు, పెరుగు ఉంటే సరిపోతుంది. ఉదయం జొన్న అంబలిలో మజ్జిగ, ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు కలుపుకొని తాగినవారికి పదకొండు దాకా ఆకలి తెలియదు.

ఇంతవరకు చేసినదంతా పాట కోసం చేసిన ఏర్పాటు అని నేను భావిస్తాను. పన్నెండు నుంచి నాలుగు వరకు ఇల్లు చల్లగా, మసకగా, నిశ్శబ్దంగా ఉంటుంది. అయితే ఆ నిశ్శబ్దంలో ఫ్యాను, కూలరు హోరు ఉంటుంది. చాలామంది ఆ హోరును దాటడానికి శబ్దం పెంచుతారు, దానితో విశ్రాంతి పోతుంది. దానికి బదులు స్పీకరును కూలరుకు దూరంగా, కూర్చున్నవారి చెవి ఎత్తున, రెండు మూడు అడుగుల దగ్గరకు తెచ్చుకొని, శబ్దం తగ్గించి వినాలి. దేనిని వినాలన్నది కూడా ఈ హోరే నిర్ణయిస్తుంది. వీణ మీద మీటిన స్వరం సన్నగిల్లుతూ సాగే తీరు, ఆ సాగడంలో పలికే గమకం, అంటే స్వరపు ఊపు, కూలరు శబ్దంలో పూర్తిగా మునిగిపోతాయి. వేణువు, వయొలిన్, గాత్రం మాత్రం తేలి వినిపిస్తాయి. అందుచేత మేము వీణను తెల్లవారుజామున, ఫ్యానులు ఆపి కిటికీలు తెరిచిన అరగంటలో వింటాము. మే నెలలో సూర్యుడు ఉదయించేది 5:45 ప్రాంతంలో కాబట్టి అంతకుముందు కొద్దిసేపు వీధిలో కూడా సద్దు ఉండదు. రోజు మొత్తంలో వీణకు అంతకన్నా మంచి సమయం దొరకదు.

మధ్యాహ్నానికి నేను ఔడవ రాగాలను, అంటే అయిదే స్వరాలున్న మోహన, హిందోళం, అమృతవర్షిణి వంటి వాటిని, ఎంచుకొంటాను. స్వరానికీ స్వరానికీ మధ్య ఎడం ఎక్కువ కావడం వల్ల ఇవి గాలి ఆడే గదుల వలె ఉంటాయని నా అనుభవం. ఇది శాస్త్రం చెప్పిన సమయనియమం కాదు, నా అభిరుచి మాత్రమే. త్యాగరాజు 'సామజవరగమన' హిందోళంలో ఉన్నది. ముత్తుస్వామి దీక్షితులు తమిళనాడులోని ఎట్టయపురంలో కరవు చూసి అమృతవర్షిణిలో 'ఆనందామృతకర్షిణి' పాడగా వాన కురిసిందన్న ఐతిహ్యాన్ని పిల్లలకు చెప్పి, ఆ తరువాత కీర్తన వినిపిస్తే, వారు చెవి ఒగ్గి వింటారు. మా ఇంట్లో ఒకరు కిటికీ వైపు చూడడం కూడా జరిగింది. శ్రీరామనవమి నాటి పానకం, అంటే బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన నీళ్ళు, వేసవి అంతా చేసుకోదగినది. దానితోపాటు రామదాసు కీర్తనలు పెట్టుకొన్నప్పుడు, ఆయన బందీగా ఉన్న గోల్కొండ ఈ నగరంలోనే ఉన్నదని గుర్తుచేసి, ఒక ఉదయం ఎండ ఎక్కకముందే పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళి చూపించవచ్చు.

సినిమా పాటలలో మధ్యాహ్నానికి తగినవి వాద్యాలు తక్కువగా, నడక నిదానంగా ఉన్నవి. 1989లో వచ్చిన 'గీతాంజలి'కి ఇళయరాజా కూర్చిన పాటలు ఈ గంటలకు చక్కగా కుదురుతాయి. ఊటీ మంచులో తీసిన ఆ దృశ్యాలు కళ్ళు మూసుకొన్నా గుర్తుకు వస్తాయి, చల్లదనం సగం అక్కడినుంచే వస్తుంది. గంటకొకసారి పాటను వెతుక్కోవడం ఇష్టంలేనివారు రేడియో పెట్టుకోవాలి. హైదరాబాదులో వివిధ భారతి 102.8 మీద, రెయిన్‌బో 101.9 మీద వస్తాయి. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ఉంటే కరెంటు పోయిన మధ్యాహ్నం కూడా పాట ఆగదు. తబలా, మృదంగం ఇంట్లో ఉన్నవారు వాటిని కూలరు గాలికి ఎదురుగా ఉంచకూడదు, తడికి చర్మం వదులై శ్రుతి దిగిపోతుంది. పాత గ్రామఫోను రికార్డులను నిలువుగా పేర్చాలి. ఎండలో నిలిపిన కారులో వాటిని వదిలితే వంకర తిరిగిపోతాయి, ఆపైన చేయగలిగింది ఏమీ ఉండదు.

సాయంత్రం ఆటకు వెళ్ళి వచ్చిన పిల్లలు నీరసపడితే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, తలకొట్టిన కొలతతో, కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే, స్పృహ తప్పుతున్నట్టు కనిపిస్తే అది వడదెబ్బ. నీడకు చేర్చి ఒళ్ళంతా తడిపి గాలి విసురుతూ వెంటనే 108కు ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

రాత్రి సినిమాకు ఏర్పాట్లు సాయంత్రం ఆరింటికే మొదలవుతాయి. ఆర్‌ఓ యంత్రం వదిలిన నీటిని పగలంతా బకెట్లలో పట్టి ఉంచి, ఆ నీటిని డాబా మీద చల్లాలి. ట్యాంకర్ల కోసం ఎదురుచూసే నగరంలో మంచినీటిని నేల మీద పోయడం నాకు సమ్మతం కాదు. సూర్యాస్తమయం 6:45 ప్రాంతంలో అవుతుంది; ఏడున్నరకు తెర కనిపించేటంత చీకటి పడుతుంది, నేల కూడా ఆరుతుంది. మెట్లగది గోడకు తెల్లసున్నం ఉంటే అదే ఉత్తమమైన తెర. లేనివారు తెల్లటి దుప్పటిని రెండు మడతలుగా చేసి, నాలుగు మూలలా బిగించి కట్టి, కింది అంచులో వెదురు కర్ర దూర్చాలి; ఆ బరువు లేకపోతే గాలికి ముఖాలన్నీ అలలు తిరుగుతాయి. ప్రొజెక్టరును, కరెంటు తీగ అతుకులను తడినేల మీద కాక బల్ల మీద ఉంచాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగ ప్రదేశాలలో లౌడ్‌స్పీకర్లను 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు నిషేధించాయి. ఇంటి డాబాకైనా అదే మర్యాద. పక్క డాబా మీద ఎవరైనా నిద్రపోతుండవచ్చు. ఏడున్నరకు మొదలుపెడితే రెండున్నర గంటల సినిమా పదింటికి ముగుస్తుంది.

సినిమాను ఎంచుకోవడంలో నాకు తెలియక రెండేళ్ళు పొరపాటు చేశాను. ఈ మధ్య సినిమాలలో చీకటి దృశ్యాలు ఎక్కువ. నగరపు వెలుతురు ఆకాశంలో పరుచుకొని ఉన్నందువల్ల డాబా మీద ఆ దృశ్యాలు బూడిదరంగు మచ్చలుగా కనిపిస్తాయి. నలుపు తెలుపు సినిమాలలో వెలుగునీడల తేడా బలంగా ఉంటుంది కాబట్టి ఆరుబయట అవే నిలుస్తాయి. 1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్' ఇందుకు నేను చూసినవాటిలో మొదటిది. మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణంలో ఘంటసాల, పి. లీల పాడిన 'లాహిరి లాహిరి లాహిరిలో' వచ్చేటప్పుడు తెర మీది వెన్నెలకు తలపైని వెన్నెల తోడవుతుంది. పైగా ఆ పాట మోహన రాగంలో ఉన్నది, మధ్యాహ్నం విన్నదే రాత్రి మళ్ళీ పలకరిస్తుంది. 2010లో విడుదలైన రంగుల ప్రతి కూడా ఉన్నది, కానీ డాబాకు నలుపు తెలుపే సరైనదని గట్టిగా చెబుతాను. మూడు గంటలు దాటే సినిమా కాబట్టి విశ్రాంతి దగ్గర ఆపి, మిగిలిన సగం మరునాడు చూడాలి. పిల్లలు ఆ మధ్య పగలంతా కథ ముందుకు ఎలా సాగుతుందో చర్చించుకొంటారు. తినడానికి చుడువ (పల్లీలు వేసిన అటుకుల మిక్చరు), తాటిముంజలు చాలు. మామిడిపండ్లను అరగంట నీళ్ళలో వేసి ఉంచి తెచ్చుకోవాలి. కోసి తినడానికి బంగినపల్లి, హిమాయత్ బాగుంటాయి, చీకట్లో రసాలు మాత్రం వద్దు.

థియేటరుకు వెళ్ళాలనిపించడం సహజమే. మన పెద్ద సినిమాలు కొన్ని వేసవిలోనే వచ్చాయి. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' 1990 మే 9న, కోస్తాను తుఫాను ముంచెత్తుతున్న రోజున విడుదలై కూడా జనాన్ని రప్పించింది. ఆర్టీసీ క్రాస్ రోడ్డులో సంధ్య, దేవి, సుదర్శన్ వంటి హాళ్ళకు మెట్రోలో చేరుకోవచ్చు. మాట్నీ మానుకొని ఉదయం ఆటకో, ఫస్టు షోకో వెళ్ళాలి. సెకండు షో ముగిసేసరికి మెట్రో ఉండదు, తిరుగు ప్రయాణం ముందే చూసుకోవాలి.

ఏప్రిల్, మే సాయంత్రాలలో ఉన్నట్టుండి గాలిదుమారం లేచి, ఉరుములతో వాన, ఒక్కొక్కసారి వడగళ్ళు పడతాయి. మొదటి ఉరుము వినిపించగానే కింద స్విచ్ ఆపించి, ప్రొజెక్టరు తీసుకొని అందరూ దిగిపోవాలి. దుప్పటి తడిస్తే తడవనివ్వండి. రోహిణి కార్తె, అంటే మే 25 నుంచి సుమారు రెండు వారాలు, ఎండ తీక్ష్ణంగా ఉంటూనే గాలిలో తేమ పెరుగుతుంది. కూలరు గాలి జిడ్డుగా తగలడం మొదలైతే నీటి మోటారు ఆపి ఫ్యాను మాత్రమే వాడుకోవాలి. మృగశిర కార్తె వచ్చాక గడ్డి తీసి పారవేసి, తొట్టి ఆరబెట్టి, కూలరును గోనెతో కప్పి అటక ఎక్కించాలి. దానికన్నా ముందు, ఒక ఉదయం డాబా మీద వాన నీరు దిగే గొట్టాల నోళ్ళు చూసుకోవాలి. వేసవి అంతా రాలిన సున్నపు పొట్టు, చుడువలో రాలిన పల్లీలు, మామిడి తొక్కలు సరిగ్గా అక్కడే చేరి ఉంటాయి.